కాళ్ళు లేని మిణుగురు

(ఈ గాథలోని మనుషులు, ఊళ్ళు, సంవత్సరాలు నిజమైనవి. మొదట వచ్చే రాత్రి సన్నివేశం, తోటమాలి, వాళ్ళ మాటలు మాత్రం మా ఊహ.)

1886. న్యూజీలాండ్ రాజధాని వెల్లింగ్టన్. పొద్దుగూకి చాలాసేపైంది.

బొటానిక్ గార్డెన్‌లో పల్లానికి దిగే కాలిబాట పక్కన ఒక కుర్రాడు వాగుగట్టు మీదికి వంగి నిలబడ్డాడు. చేతిలో లాంతరు ఉంది గానీ వత్తి బాగా తగ్గించేశాడు. గట్టు మీద నాచు పట్టిన మట్టి, వేళ్ళ సందుల్లో గూళ్ళు. వాటి లోపల నీలంగా, కాస్త ఆకుపచ్చగా చుక్కలు వెలుగుతున్నాయి. మన మిణుగురులాగా ఆరి వెలగడం లేదు. నిలకడగా అలాగే ఉన్నాయి.

"ఏం బాబూ, ఏదన్నా పారేసుకున్నావా?" అన్నాడు అటుగా వచ్చిన తోటమాలి.

"లేదండీ, పురుగుల్ని చూస్తున్నాను."

"నువ్వు పోస్టాఫీసు కుర్రాడివి కదూ? పొద్దున్నే డ్యూటీ ఉండదూ?"

"ఉంటుందండీ."

"మిణుగురుల కోసమా ఇంత అవస్థ! మా ఇంగ్లండులో కంచెల నిండా ఇవే కదయ్యా."

కుర్రాడు వత్తి కొంచెం పెంచి, గూట్లోంచి చిన్న పుల్లమీదికి ఎక్కించుకున్న పురుగును ఆయన కళ్ళ దగ్గర పెట్టాడు. సన్నగా, పొడుగ్గా, జిగటగా ఉంది. లోపలి పేగు బయటికి కనబడేంత పారదర్శకం. ముందువైపు గట్టి తలకాయ ఒక్కటే ముదురు రంగు.

"ఇంగ్లండు మిణుగురుకి ఆరు కాళ్ళుంటాయండీ. దీనికి ఒక్కటీ లేదు."

ఆ కుర్రాడి పేరు జార్జ్ వెర్నన్ హడ్సన్. వయసు పంతొమ్మిది. 1867 ఏప్రిల్‌లో లండన్‌లో పుట్టాడు. తండ్రి చర్చి కిటికీలకు రంగుటద్దాల బొమ్మలు గీసే చిత్రకారుడు. పద్నాలుగేళ్ళు వచ్చేసరికే ఈ అబ్బాయి బ్రిటిష్ పురుగుల సేకరణ ఒకటి పోగేసి, ఒక కీటకశాస్త్ర పత్రికలో వ్యాసం కూడా వేయించుకున్నాడు. 1881లో తండ్రితో కలిసి ఓడెక్కి న్యూజీలాండ్‌లోని నెల్సన్ చేరాడు. కొన్నాళ్ళు పొలం పని చేశాడు. పదహారో ఏట వెల్లింగ్టన్ పోస్టాఫీసులో చేరి, రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నాడు. కాలేజీ గడప తొక్కి చదివిన కీటకశాస్త్రం కాదు అతనిది.

ఆ వెలుగు పురుగు సంగతి అప్పటికే లోకానికి తెలుసు. అక్కడి మూలవాసులైన మావోరీలకైతే ఎప్పటినుంచో తెలుసు, వాళ్ళు దాన్ని టిటివాయ్ అంటారు. తెల్లవాళ్ళ లెక్కలోకి వచ్చింది మాత్రం 1871లో, ఉత్తర దీవిలోని థేమ్స్ ప్రాంతపు బంగారు గనిలో కొన్ని దొరికినప్పుడు. వెలిగే పురుగు కనబడితే ఐరోపావాళ్ళ ఆలోచన నేరుగా పెంకుపురుగుల మీదికి పోతుంది. అందులో వింతేమీ లేదు. వాళ్ళ గ్లోవార్మ్ పెంకుపురుగే, మన మిణుగురూ పెంకుపురుగే. కాబట్టి ఇది కూడా వాటి చుట్టమే అనుకున్నారు.

1886లోనే ఎడ్వర్డ్ మేరిక్ అనే బడిపంతులు లండన్ నుంచి వెలువడే ఒక కీటకశాస్త్ర మాసపత్రికలో దీని గురించి చిన్న వ్యాసం రాశాడు. మేరిక్ సామాన్యుడు కాదు. తర్వాతి రోజుల్లో చిన్నచిన్న చిమ్మటల మీద ప్రపంచం మొత్తానికి పెద్దదిక్కు అయ్యాడు, వేలాది జాతులకు పేర్లు పెట్టాడు. పదేళ్ళ కిందట మన దేశంలోకి వచ్చిపడి మదనపల్లె టమాటా రైతు నోట కూడా పలుకుతున్న టూటా పురుగు ఉంది చూడండి, దాన్ని 1917లో పెరూ నమూనాల నుంచి మొదట వర్ణించింది ఈయనే. అలాంటి మేరిక్ కూడా ఈ వెలుగు పురుగును పెంకుపురుగుల ఖాతాలోనే వేశాడు.

అదే ఏడాది అదే పత్రికలో హడ్సన్ రాసిన వ్యాసం వచ్చింది. ఇది పెంకుపురుగు పిల్ల కాదు, రెండు రెక్కల జాతిది, అంటే ఈగలు దోమల వర్గానిది అని తేల్చాడు. అందులోనూ పుట్టగొడుగుల దోమల వైపు వేలు చూపించాడు. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కూర్చుని ఇవన్నీ చదివే ఒక పెద్దమనిషి కూడా ఆ మాటే అన్నాడు. ఆయన బారన్ ఓస్టెన్ సాకెన్. రష్యా ప్రభుత్వానికి న్యూయార్క్‌లో కాన్సల్ జనరల్‌గా చేసి, పదవి వదిలేసి, మిగతా జీవితమంతా ఈగలకూ దోమలకూ రాసిచ్చిన మనిషి. భూగోళానికి ఆ చివరా ఈ చివరా ఉన్న ఇద్దరు, ఒకరు గుమాస్తా, ఇంకొకరు బారన్, ఒకే మాట మీద నిలబడ్డారు.

అయినా కథ అక్కడితో తేలలేదు. తేలదు కూడా. లార్వాను, అంటే పిల్ల పురుగును చూసి కుటుంబం చెప్పవచ్చు, జాతి చెప్పడం మహా కష్టం. జాతిని నిలబెట్టాలంటే రెక్కలొచ్చిన పెద్ద పురుగు కావాలి.

పుట్టగొడుగుల దోమలంటే మనకు తెలియనివేమీ కాదు. కడియం నర్సరీ నుంచి తెచ్చుకున్న మొక్కకు నీళ్ళు ఎక్కువైతే కుండీ మట్టి మీద చిన్న నల్ల దోమలు లేస్తాయి కదా, అవి వీటి బంధువులే. పుట్టగొడుగుల షెడ్డు నడిపేవాళ్ళు సియారిడ్ ఈగలని తిట్టుకునేవీ అవే. పెద్దవి కుట్టవు, కరవవు. నష్టమంతా వాటి పిల్లలతోనే. మట్టిలోనూ కంపోస్టులోనూ ఉండి బూజునూ, లేత వేళ్ళనూ, పుట్టగొడుగు కాడనూ తొలిచేస్తాయి. షెడ్డులో వేలాడదీసే పసుపు జిగురు అట్టకు అతుక్కున్న దాన్ని ఒకసారి భూతద్దం కింద పెట్టి చూడండి. గూని వీపు. శరీరానికి మించిన పొడవు కాళ్ళు, అందులోనూ ఒంటికి అతుక్కునే మొదటి కణుపు మరీ పొడవు. పిక్క చివర ముళ్ళు. రెండు కళ్ళూ మీసాల పైన సన్నటి వంతెనలా కలిసిపోయి ఉంటే అది సియారిడ్. ఆ వంతెన లేకపోతే మరో కుటుంబం. తర్వాత రెక్క చూడాలి. రెక్కలోని ఈనెల్లో ఏది ఎక్కడ చీలింది, ఏది ఏ ఈనెను తాకింది అన్నదాన్ని బట్టి కుటుంబం, ప్రజాతి తేలతాయి. చిట్టచివరి తీర్పు మగదాని తోకకొసలో ఉంటుంది. జతకట్టడానికి వాడే ఆ చిన్న కొక్కేల ఆకారం జాతి జాతికీ మారుతుంది. దాన్ని కాస్టిక్ పొటాష్ ద్రావణంలో ఉంచి మాంసం కరిగించి, మిగిలిన పెంకును గాజుపలక మీద అమర్చి, మైక్రోస్కోపు కింద గీసుకోవాలి. ఒక జాతిని వర్ణించడమంటే ముప్పాతిక వంతు ఈ పనే.

మరి హడ్సన్ చేతిలో ఉన్నదేమిటి? రెక్కలు లేని జిగట పురుగు. అది దోమయ్యేదాకా ఆగాలి.

ఆగడం ఎంత కష్టమో అర్థం కావాలంటే ఈ పురుగు బతికే తీరు చూడాలి. తల్లి నూట ముప్పై దాకా గుడ్లు పెడుతుంది. సుమారు మూడు వారాలకు పిల్లలు బయటికొస్తాయి. అప్పుడు మూడు మిల్లీమీటర్లు ఉండేది పెరిగి పెరిగి మూడు సెంటీమీటర్లకు చేరుతుంది. అందుకు ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అంతకాలమూ గట్టు కిందనో గుహ కప్పు మీదనో తాను కట్టుకున్న జిగట గొట్టంలో అడ్డంగా పడుకుని ముందుకీ వెనక్కీ పాకుతూ ఉంటుంది. ఆ గొట్టం నుంచి కిందికి పట్టుదారాలు వదులుతుంది. ఒక్కో పురుగుకు డెబ్బై దాకా ఉండొచ్చు. గాలి ఆడని గుహలో ముప్పై నలభై సెంటీమీటర్ల పొడవుంటాయి. బయట గట్ల మీద గాలికి చిక్కుపడతాయి కాబట్టి చాలా పొట్టివి. ప్రతి దారానికీ వరసగా జిగురు బొట్లు, వాన వెలిశాక చూరుకు వేలాడే చినుకుల్లా. వాగులోంచి లేచిన చిన్న దోమ వెలుగు వైపు ఎగిరొచ్చి దారానికి తగులుకుంటుంది. దారం అదరగానే పురుగు గొట్టంలోంచి ముందుభాగం వేలాడేసి, దారాన్ని నోటితో కొంచెం కొంచెంగా పైకి లాగుతుంది. లాగిన దారాన్ని లాగినట్టే మింగేస్తుంది. ఆఖరున దోమ నోటికందుతుంది.

వంశంలో ఎక్కువమంది బూజు తిని బతుకుతుంటే ఇది వేటాడుతోంది. పైగా ఆకలేస్తే పక్కనున్న అన్నదమ్ముణ్ణి కూడా వదలదు. నాలుగైదింటిని ఒక సీసాలో వేసి పెంచుదామంటే చివరికి ఒకటే మిగలవచ్చు. తడి తగ్గితే దారాలు ఎండిపోతాయి, దారాలు ఎండితే తిండి లేదు. ఇన్నీ దాటుకుని ప్యూపా అయితే, రెండు వారాల్లో దోమ బయటికి వస్తుంది. దానికి తినడానికి పనికొచ్చే నోరే ఉండదు. లార్వాగా తిన్నదాని మీదే రెండు మూడు రోజులు, మహా అయితే నాలుగు రోజులు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి పోతుంది. ఏడాది పొడుగునా కళ్ళెదుట వెలిగే ప్రాణి రుజువు చూపించేది ఆ నాలుగు రోజులే. అడవిలో ఆ పెద్ద దోమ మనిషి కంటబడటం అరుదు. ప్యూపాగా ఉన్నప్పుడు కూడా వెలుగు ఉంటుంది; బయటికి వచ్చే ముందు మగదానిది ఆరిపోతుంది, ఆడదానిది పెరుగుతుంది. మగవి ముందే వచ్చి దాని పక్కన కాచుకుని కూర్చుంటాయి.

చివరికి ఆ పెద్ద దోమ సిడ్నీ చేరి, అక్కడి ఆస్ట్రేలియన్ మ్యూజియంలో ఫ్రెడరిక్ స్క్యూజ్ బల్ల మీదికి వచ్చింది. స్క్యూజ్ ఆస్ట్రేలియా ఈగల మీద, దోమల మీద అప్పట్లో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు. న్యూ సౌత్ వేల్స్ లిన్నియన్ సొసైటీ 1890 సంపుటంలో మూడంటే మూడు పేజీల వర్ణన రాసి, ఆ దోమకు బోలిటోఫిలా ల్యూమినోసా అని పేరు పెట్టాడు. సంపుటం అచ్చై చేతికొచ్చింది 1891లో. అంతవరకూ "న్యూజీలాండ్ గ్లోవార్మ్" అని దొంగ చిరునామాతో తిరుగుతున్న ప్రాణికి అలా శాస్త్రంలో సొంత పేరు వచ్చింది. ఇంచుమించు అదే సమయంలో హడ్సన్ తన వంతుగా దాని అలవాట్లు, జీవిత చరిత్ర న్యూజీలాండ్ ఇన్‌స్టిట్యూట్ సంచికలో వివరంగా రాశాడు.

స్క్యూజ్ గురించి ఒక మాట చెప్పి ముందుకు పోదాం, ఆయనకూ మనకూ లెక్క ఉంది కాబట్టి. కలకత్తా నుంచి వచ్చిన నమూనాలు చూసి, కాళ్ళ మీదా వీపు మీదా తెల్లచారలున్న ఒక దోమను 1890ల మధ్యలో వర్ణించింది ఆయనే. బెంగాల్ చారల దోమ అన్నాడు. ఇప్పుడు లోకమంతా ఆసియా పులిదోమ అంటోంది. డెంగీ, చికున్‌గున్యా సీజన్‌లో మన పంచాయతీ మైకుల్లో తిట్లు తినే రెండు దోమల్లో అది ఒకటి. స్క్యూజ్ మాత్రం 1896లోనే, చిన్నవయసులో చనిపోయాడు.

ఆయన పెట్టిన పేరులో "వెలిగేది" అన్న సగం నిలిచింది. మొదటి సగం నిలవలేదు.

ఎందుకు నిలవలేదో చెప్పేముందు వెల్లింగ్టన్‌కు ఉత్తరాన ఉన్న వైటోమోకు వెళ్ళిరావాలి. 1887లో అక్కడి మావోరీ పెద్ద టానే టినోరావు, ఇంగ్లీషు సర్వేయరు ఫ్రెడ్ మేస్ కలిసి నార మొక్క కాడలతో తెప్ప కట్టుకుని, కొవ్వొత్తులు పట్టుకుని, భూమిలోకి దూరిపోతున్న వాగు వెంట గుహలోకి వెళ్ళారు. లోపల కప్పంతా ఈ పురుగులే. 1889లో టినోరావు గుహను సందర్శకులకు తెరిచాడు, దారి చూపించేది కూడా ఆయనా ఆయన భార్యా. పేరు పాకింది. 1906లో ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. భూమి, గుహ మళ్ళీ ఆ వంశస్థుల చేతికి రావడానికి 1989 దాకా పట్టింది. ఈ దోమ కథలో నాకు మింగుడుపడనిది ఇదొక్కటే. ఈ రోజు వైటోమో వెళ్ళి పడవలో తల పైకెత్తి చూసేవాళ్ళలో ఎందరికి ఆ ఎనభై మూడేళ్ళ సంగతి తెలుసో!

సరే, వెలుగు సంగతి. 1915లో అమెరికాలో విలియం మార్టన్ వీలర్, ఫ్రాన్సిస్ విలియమ్స్ అనే ఇద్దరు ఈ లార్వాను కోసి చూశారు. మిణుగురుకు వెలిగే భాగం కడుపు కింది తొడుగులో ఉంటుంది. దీనికి అక్కడేమీ లేదు. పురుగుల ఒంట్లో మూత్రపిండాల పని చేసే సన్నటి గొట్టాలుంటాయి. ఈ పురుగులో ఆ గొట్టాల చివరలే ఉబ్బి దీపాలయ్యాయి. ఒంట్లో చెత్త తోడిపోసే అవయవమే దీపమైందన్న మాట. వెలుగు పుట్టించే రసాయనం కూడా మిణుగురుది కాదు.  కాళ్ళు లెక్కపెట్టినవాడి మాట లోపలి నుంచి కూడా నిజమైంది.

ఇక లండన్. బ్రిటిష్ మ్యూజియం ప్రకృతి చరిత్ర విభాగంలో ఫ్రెడరిక్ వాలెస్ ఎడ్వర్డ్స్ అనే ఆయన ఉండేవాడు. దోమల రెక్కలు చదవడంలో ఆయనకు సాటి లేరనేవారు. స్క్యూజ్ ఈ దోమను చేర్చిన బోలిటోఫిలా కుటుంబంలో రెండు పెద్ద ఈనెల మధ్య చిన్న అడ్డ ఈనె ఒకటి వంతెన కట్టి ఉంటుంది. మరో కుటుంబంలో ఆ అడ్డ ఈనె ఉండదు, రెండు పెద్ద ఈనెలే కాస్త దూరం ఒకటిగా అతుక్కుని నడిచి మళ్ళీ విడిపోతాయి. వెడల్పు కొలిస్తే వెంట్రుకంత ఉండదు. వంశాలు మారిపోయేది ఇలాంటి చోటే. 1924లో ఎడ్వర్డ్స్ దీన్ని బోలిటోఫిలా లోంచి తీసేసి, దీనికోసమే కొత్త ప్రజాతి సృష్టించాడు: అరాక్నోకాంపా. సాలెపురుగులా దారాలు వేసే పురుగు అన్న అర్థంలో. స్థానం తేల్చింది దోమ, పేరు మాత్రం లార్వాది. ఇప్పుడది కెరోప్లాటిడే కుటుంబంలో స్థిరపడింది.

ఆ ప్రజాతి ఒంటరిగా మిగల్లేదు. మరుసటి ఏడాదే టాస్మేనియా గుహల నుంచి ఇంకో జాతి చేరింది. 1966లో ఆస్ట్రేలియా నుంచి మరో రెండు. 2010లో క్లేర్ బేకర్ అనే పరిశోధకురాలు ఆస్ట్రేలియాలో అక్కడక్కడా విడివిడిగా మిగిలిన తడి అడవుల్లో, గుహల్లో తిరిగి ఒకేసారి ఐదు కొత్తవి వర్ణించింది. మొత్తం తొమ్మిది. డి.ఎన్.ఏ. వచ్చాక రెక్క చూడటం మానేశారనుకుంటే పొరపాటు. జన్యువులు ఇవి వేర్వేరని చెప్పినా, ఆ తేడాను ఒంటి మీద చూపించాల్సిన బాధ్యత వర్ణించేవాళ్ళకు తప్పలేదు.

హడ్సన్ పోస్టాఫీసులో హెడ్ గుమాస్తా దాకా ఎదిగి 1918లో రిటైరయ్యాడు. పురుగుల మీద పుస్తకాలు రాశాడు, వాటి బొమ్మలూ తానే వేశాడు. నాన్న చేతి గీత వచ్చినట్టుంది. ఆయన పేరు ఈ రోజు ఎక్కడైనా వినబడితే అది పురుగుల వల్ల కాదు, గడియారాల వల్ల. 1895లో వెల్లింగ్టన్ ఫిలసాఫికల్ సొసైటీ ముందు నిలబడి, వేసవిలో గడియారాలను రెండు గంటలు ముందుకు జరుపుదాం అన్నాడు. డ్యూటీ అయ్యాక పురుగులు పట్టుకోవడానికి వెలుతురు మిగలాలి కదా! విన్నవాళ్ళు నవ్వారు. 1927లో న్యూజీలాండ్ పార్లమెంటు వేసవి సమయం చట్టం చేసింది. పంతొమ్మిదో ఏట రాత్రుళ్ళు పనికొచ్చాయి గానీ, మిగతా పురుగుల్లో చాలావాటికి ఆయనకు పగటి వెలుతురే కావాలి.

శాస్త్రంలో ఒక మర్యాద ఉంది. జాతికి మొదట పేరు పెట్టినవాడి ఇంటిపేరు ఆ పేరు పక్కన రాస్తారు. తర్వాత ఎవరైనా దాన్ని వేరే ప్రజాతిలోకి మారిస్తే ఆ ఇంటిపేరు బ్రాకెట్లలోకి పోతుంది. అందుకే ఇప్పటి పుస్తకాల్లో ఈ దోమ ఇలా కనబడుతుంది: అరాక్నోకాంపా ల్యూమినోసా (స్క్యూజ్). హడ్సన్ అందులో లేడు. ఎడ్వర్డ్స్ పేరు మార్చిన రెండేళ్ళకు, 1926లో హడ్సన్ అప్పటిదాకా తాను గమనించినదంతా గుదిగుచ్చి అదే పురుగు మీద మరో వ్యాసం అచ్చువేయించాడు. శీర్షికలో స్క్యూజ్ పెట్టిన పేరు తీసేయలేదు, ఎడ్వర్డ్స్ పెట్టినదాన్ని దాని పక్కనే బ్రాకెట్లలో చేర్చాడు.